ఏ పచ్చ డబ్బా?

ముందుగా ఒక మాట. నా రాతలో తప్పులుంటే మన్నించండి. జుట్టు నెరిశాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. 'ళ' ఉండాల్సిన చోట 'ల' వచ్చి కూర్చుంటుంది, లేవమన్నా లేవదు. మీరు ఒక్క గుక్కలో చదివేసే కాగితం నాకు ఒక పూట పని. మా కోడలు అక్షరాలు దిద్దింది. మాటలు మాత్రం మార్చొద్దని గట్టిగా చెప్పాను.

"మీరు తిట్టిన తిట్లు కూడా ఉంచమంటారా అత్తయ్యా?" అంది.

ముందు అవి ఉంచమన్నాను.

నేను ఆసుపత్రిలో ఆయాను. ఆడవాళ్ళ వార్డులో పని. పక్కదుప్పట్లు మార్చడం, లేవలేనివాళ్ళను లేపి కూర్చోబెట్టడం, తిన్న పళ్ళాలు తీయడం. మా ఆయన అదే ఆసుపత్రిలో స్ట్రెచర్ తోసేవాడు. ఆయన పోయాక ఆ ఉద్యోగం నాకిచ్చారు. స్ట్రెచర్ తోసే సత్తువ లేదని వార్డులో వేశారు. ఇల్లు ఆసుపత్రి వెనక సందులోనే. ముందు గది కిటికీ తెరిస్తే ఆసుపత్రి ప్రహరీగోడ, గోడకు అవతల చెత్త కాల్చే గది, దాని నెత్తిన పొగగొట్టం. మా అబ్బాయి లారీ నడుపుతాడు. ఇంట్లో కంటే రోడ్డు మీద ఎక్కువ ఉంటాడు. ఇంట్లో మిగిలేది నేనూ, కోడలూ, ఆమె కుట్టుమిషనూ.

ఆ మిషను కిటికీ పక్కనే ఉండాలి. మా ఇంటికి వెలుతురు వచ్చేది ఆ ఒక్క కిటికీలోంచే. పొగ వచ్చేదీ అందులోంచే. మా కోడలికి ఆయాసం.

ఆయాసం ఉన్న మనిషితో ఒకే గదిలో ఉన్నవాళ్ళకు తెలుస్తుంది. రొమ్ములో పిల్లిపిల్ల ఉన్నట్టు సన్నగా శబ్దం మొదలవుతుంది. అది వినపడగానే నేను కిటికీ మూసేదాన్ని. మూస్తే చీకటి. చీకట్లో సూదిలో దారం ఎక్కదు. తెరిస్తే ఊపిరి ఆడదు. "వెలుతురు కావాలో గాలి కావాలో తేల్చుకో అమ్మాయ్" అంటే, "రెండూ కావాలనడానికి నేనేమన్నా జమీందారు కూతురినా అత్తయ్యా" అని నవ్వబోయి దగ్గేది. నాకు అక్షరాలు నేర్పింది ఆమే. బట్ట మీద కొలతలు గీసే సుద్దముక్కతో నేల మీద రాసి దిద్దమనేది. నేను దిద్దినవన్నీ వంకరే. "పర్లేదు, చంకల దగ్గర కత్తిరింపు కూడా వంకరగానే ఉంటుంది" అనేది.

పొగ సంగతి చెప్పాలంటే ముందు చెత్త కాల్చే ఆయన సంగతి చెప్పాలి. ఆయన్ని అందరం పొగాయన అంటాం. కనుబొమల నుంచి కాళ్ళ దాకా ఒకటే రంగు. ఒకరోజు నేను ఆయన మీదికి వెళ్ళాను.

"ఏమయ్యా, మా పిల్లని చంపుతావా ఏంటి? ఆ నల్లపొగ ఏంటి?"

"నన్నంటావేంటమ్మా. ఎండుది ఇస్తే మంట పెడతాను, తడిది ఇస్తే పొగ పెడతాను. రోగులు వదిలేసిన అన్నం, కూర, తొక్కలు, అన్నీ నీళ్ళోడుతూ సంచుల్లో కట్టి పంపిస్తారు. తడి అన్నం పొయ్యిలో పెడితే పొగ రాక పూలవాసన వస్తుందా?"

ఆయన చెప్పింది నిజమే. కాల్చాల్సింది నెత్తుటి దూది, కట్లు, అలాంటివి. తిండిని కాల్చాల్సిన అవసరమే లేదు, మట్టిలో కలిపితే ఎరువవుతుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మా ఆసుపత్రికి కూడా ఆ బుద్ధి పుట్టింది. పచ్చని ఆసుపత్రి అని ఒక కార్యక్రమం పెట్టారు. గేటు దగ్గర పెద్ద ప్లాస్టిక్ బ్యానరు కట్టారు. దాని మీద ఆకులూ పక్షులూ. మొక్కలు నాటారు, ఫోటోలు దిగారు. నాటిన మొక్కలకు నీళ్ళు పోసే పని ఎవరిదో ఎవరూ చెప్పలేదు కాబట్టి అవి ఎండిపోయాయి. అది వేరే కథ. కానీ ఒక మంచి పని జరిగింది. ప్రతి వార్డులో ఒక ఆకుపచ్చ డబ్బా పెట్టారు. మిగిలిన తిండి అందులో. పసుపు రంగు డబ్బా పాతదే, నెత్తుటి దూదీ కట్లూ అందులో. తోట చూసే ఆయన, నేను అన్నయ్య అంటాను, ఆసుపత్రి వెనక ఎరువుకి ఒక గుంట తవ్వాడు. ఆకుపచ్చ డబ్బాలు ఆ గుంటకు, పసుపు డబ్బాలు పొగాయనకు.

పొగ తగ్గింది. ఒక్కసారిగా కాదు, చూస్తూ ఉండగా తగ్గింది. గొట్టంలోంచి వచ్చేది నలుపు నుంచి బూడిదరంగుకు వచ్చింది. తర్వాత కొన్ని రోజులు అసలు వస్తోందా లేదా అని కళ్ళు చిట్లించి చూడాల్సి వచ్చింది. మా కోడలు కిటికీ తెరిచి, రెక్క కొట్టుకోకుండా చెక్కముక్క పెట్టింది. పొద్దస్తమానం మిషను ఆడించింది. రాత్రి పడుకున్నాక నాకు పిల్లిపిల్ల వినపడలేదు. లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. "బతికే ఉన్నాను అత్తయ్యా, పడుకోండి" అంది కళ్ళు తెరవకుండా.

ఇదంతా ఇలాగే సాగిపోతే నేను ఈ కాగితం రాసేదాన్ని కాదు.

చెడగొట్టింది ఒక మాట. వార్డుల్లో గోడలకు అంటించమని రెండు రకాల ప్లాస్టిక్ అట్టలు వచ్చాయి. ఒకటి రోగం అంటకుండా చూసే విభాగం వాళ్ళు పంపారు. రెండోది వంటశాల వాళ్ళు పంపారు. ఒకరితో ఒకరు మాట్లాడుకున్నట్టు లేదు. మొదటి అట్ట మీద ఇలా ఉంది: "వాడిన దూది, కట్లు పచ్చ డబ్బాలో వేయండి." రెండో అట్ట మీద: "తినగా మిగిలినది పచ్చ డబ్బాలో వేయండి."

మొదటివాళ్ళకు పచ్చ అంటే పసుపుపచ్చ. రెండోవాళ్ళకు పచ్చ అంటే ఆకుపచ్చ. ఇద్దరిదీ తప్పు కాదు. మన భాషలో పండిన ఆకూ పచ్చే, పండని ఆకూ పచ్చే. కామెర్లొచ్చిన కళ్ళు పచ్చ, వానకు మొలిచిన గడ్డీ పచ్చ. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు పక్కన వస్తువు కనపడుతుంది కాబట్టి గొడవ లేదు. గోడ మీద అట్టకు వేలు లేదు కదా, ఇదీ అని చూపించడానికి.

రోజూ పనిచేసే మాకు ఇబ్బంది లేదు. చేతులకు అలవాటైపోయింది. ఇబ్బంది అంతా రోగుల వెంట వచ్చినవాళ్ళతో. వాళ్ళే కట్లు విప్పుతారు, వాళ్ళే పళ్ళాలు దులుపుతారు. ఒకరోజు మధ్యాహ్నం మా వార్డులో జరిగిన పంచాయతీ చెబుతాను. ఒక ముసలాయన తన భార్య కాలి కట్టు విప్పి, చీముతో ఉన్న గుడ్డ పట్టుకుని ఆకుపచ్చ డబ్బా మూత ఎత్తాడు.

"అయ్యా, అందులో కాదు!" అని నేను అరిచాను.

"ఎందుక్కాదు? అట్ట మీద పచ్చ డబ్బా అని ఉందిగా. ఇది పచ్చ కాదా? నాకేమన్నా కళ్ళు పోయాయా?"

"ఆ పచ్చ కాదయ్యా, ఇంకో పచ్చ."

"ఎన్ని పచ్చలుంటాయమ్మా మీ ఆసుపత్రిలో?"

పక్క మంచం రోగి తమ్ముడు అందుకున్నాడు. "పెద్దాయన చెప్పింది కరెక్టే. పచ్చ అంటే గడ్డిరంగే."

"నీ మొహం. పచ్చ అంటే పసుపే. పచ్చగా ఉన్నాడు అంటే పసుపుగా ఉన్నాడనే కదా. గడ్డిలా ఉన్నాడనా?" అని అతని వదిన.

"పచ్చగా ఉన్నాడంటే డబ్బున్నోడని."

"అయితే నువ్వెప్పుడూ పచ్చగా లేవు."

వార్డంతా నవ్వారు. మంచాల మీద ఉన్నవాళ్ళు కుట్లు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వులో ముసలాయన చేతిలో గుడ్డ ఎటు పోయిందో నేను చూడలేదు. సాయంత్రం తోట అన్నయ్య వార్డు తలుపు దగ్గరకొచ్చి నిలబడ్డాడు. పార చివర ఒక కట్టుగుడ్డ వేలాడుతోంది.

"ఇది గుంటలో దొరికింది. ఇంకోసారి దొరికితే నేను ఆ గుంట ముట్టను. నాకూ పిల్లలున్నారు" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

మర్నాడే నేను సూపర్వైజరు దగ్గరికి వెళ్ళాను. ఆయన్ని మేము చాటుగా చూద్దాంగారు అంటాం. సెలవు అడిగినా, చీపురు అడిగినా, కుళాయి కారుతోందన్నా ఆయన చెప్పేది ఆ ఒక్క మాటే. చెడ్డవాడు కాదు. ఎవర్నీ కాదనడు. ఎవరికీ అవుననడు.

"సార్, అట్టల మీద ఒక్క మాట మార్చాలి. పచ్చ ముందర ఒక దాంట్లో పసుపు అని, ఇంకో దాంట్లో ఆకు అని రాయాలి. అంతే."

"ఆ అట్టలు పైనుంచి వచ్చాయమ్మా."

"పైన ఎవరున్నారు సార్?"

"రెండు విభాగాలున్నాయి. ఒకరు మార్చాలంటే రెండోవాళ్ళు ఒప్పుకోవాలి. రెండోవాళ్ళు మాది కరెక్టే, వాళ్ళను మార్చుకోమనండి అంటారు."

"ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టి..."

"చూద్దాం."

మళ్ళీ వెళ్ళాను. చూద్దాం. ఇంకోసారి వెళ్ళాను. అట్టలు మళ్ళీ అచ్చు వేయిస్తే అంత ప్లాస్టిక్కు వృథా అవుతుందట, అది పచ్చని ఆసుపత్రి పద్ధతికి విరుద్ధమట. నాకు ఒళ్ళు మండింది. "అచ్చు వేయించొద్దు సార్, పెన్నుతో రాస్తే చాలు" అన్నాను. "గోడల మీద ఎవరు పడితే వాళ్ళు రాస్తే ఎట్లా?" అన్నాడు. మళ్ళీ ఆయనే, "చూద్దాం" అన్నాడు.

ఇక నేనే రాయాలనుకున్నాను. మా కోడలి దగ్గర లావుపాటి నల్ల పెన్ను ఉంది. బట్టల మూటల మీద గుర్తులు పెట్టుకునేది. దాన్ని కొంగులో దోపుకుని పోయాను. పళ్ళాలు తీసే వేళ, నర్సులు అటు తిరిగినప్పుడు, స్టూలెక్కి మొదటి అట్ట మీద పచ్చ ముందర రాశాను. నా జీవితంలో నలుగురూ చదవడానికి నేను రాసిన మొదటి మాట అది.  దిగి, దూరం వెళ్ళి నిలబడి చూసుకున్నాను. బాగానే ఉందనిపించింది.

పొద్దున వెళ్ళేసరికి వార్డులో ఇకఇకలూ పకపకలూ. నా పక్క వార్డు ఆయాని నేను వదినా అంటాను, ఆమె నన్నూ వదినా అంటుంది, చుట్టరికం ఏమీ లేదు. ఆమె కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వుతోంది.

"వదినా, ఇదెవరు రాశారో గానీ, వాడిన కట్లు పశువుపచ్చ డబ్బాలో వేయమంటున్నారు. పశువులు కూడా వస్తున్నాయా మన ఆసుపత్రికి?"

చూశాను. 'పసుపు' అని రాశాననుకున్నాను. 'పశువు' అని రాశాను. ఇంటి దగ్గర మా కోడలు ఆవు బొమ్మ గీసి నేర్పిన మాట అది. చేతికి అదే వచ్చేసింది.

చూద్దాంగారు వచ్చారు. ఆ ఒక్కరోజు ఆయన చూద్దాం అనలేదు. "ఎవరు రాశారో నేనడగను. చదువు రానప్పుడు గోడల జోలికి పోకూడదు" అన్నాడు, నా వైపు చూడకుండా. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిపించారు. అక్షరాలు పోయాయి. ఆ తుడిచిన దూదిని తుడిచినవాడు ఆకుపచ్చ డబ్బాలో వేశాడు. నేను దాన్ని బయటికి తీసి పసుపు డబ్బాలో వేశాను. ఎవరూ చూడలేదు.

ఇంటికొచ్చి చెబితే మా కోడలు నవ్వలేదు. "నా తప్పే. ఆవు బదులు పసుపుకొమ్ము గీసి ఉండాల్సింది" అంది. అని మిషను తొక్కింది, దారం తెగేలా.

తర్వాత పచ్చని ఆసుపత్రి మీటింగు పెట్టారు. ఆయాలను కూడా రమ్మన్నారు. పెద్ద హాల్లో ఏసీ వేసి, చలికి వణుకుతూ కూర్చున్నాం. ఒక్కొక్కరి ముందు ఒక ప్లాస్టిక్ నీళ్ళసీసా, ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన బిస్కెట్లు. భూమిని కాపాడుకోవాలని ఒకాయన చాలాసేపు చెప్పాడు. బాగానే చెప్పాడు. చివర్న పెద్ద డాక్టరమ్మ, "ఎవరైనా ఏమైనా చెప్పాలా?" అంది. వదిన నా మోచేతి మీద పొడిచింది. లేచాను.

 రెండు అట్టల సంగతీ, రెండు పచ్చల సంగతీ, పొగ సంగతీ చెప్పాను. మా కోడలి సంగతి కూడా చెప్పాను. డాక్టరమ్మ చివరిదాకా విన్నది. ఫోను చూసుకోలేదు. "మీరు చెప్పింది నిజం. ఇది మేము చూసుకోవాల్సింది. ఈ వారంలో ఏదో ఒకటి చేస్తాం" అంది.  ఇంటికి పరుగెత్తినట్టే పోయి చెప్పాను. కోడలు ఆ సాయంత్రం పాట పాడుకుంటూ కుట్టింది.

వారంలో నిజంగానే చేశారు. పొద్దున వార్డుకు వెళ్తే ఆకుపచ్చ డబ్బా లేదు. పక్క వార్డులో లేదు. ఏ వార్డులోనూ లేదు. అన్నీ ఎత్తుకుపోయి స్టోర్‌రూమ్‌లో ఒకదాంట్లో ఒకటి పేర్చారు. వంటశాల వాళ్ళ అట్ట పీకేశారు. మిగిలింది ఒక్క అట్ట, ఒక్క పసుపు డబ్బా; తిండీ కట్లూ మళ్ళీ అన్నీ పొగాయనకే. ఇక గందరగోళం లేదన్నారు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టినట్టుంది.

నేను డాక్టరమ్మ గది బయట నిలబడ్డాను. చాలాసేపటికి ఆమె బయటికొచ్చింది. మొహం వాడిపోయి ఉంది.

"మేడమ్, నేనడిగింది ఒక్క మాట రాయమని. డబ్బాలు తీసేయమని కాదు."

"నాకు తెలుసమ్మా. గుంటలో నిన్న సూది దొరికింది. తోటాయన అరచేతికి అంగుళం దూరంలో. అది గుచ్చుకుని ఉంటే ఆయనకు ఏ రోగం అంటేదో. రేపు అట్ట సరిచేసినా, చదవకుండా వేసేవాళ్ళు వేస్తూనే ఉంటారు. అప్పుడు ఆయన ఇంటివాళ్ళకు నేనేం చెప్పను?"

  తోట అన్నయ్య పిల్లల్ని నేను ఎరుగుదును. మా కోడలి ఊపిరి కోసం ఆయన చేతిని పణం పెట్టమని ఎలా అడుగుతాను? డాక్టరమ్మ మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు. ఎవరి మీదా కోపం తెచ్చుకోలేకపోతే మనిషికి ఎంత చిరాకో అప్పుడు తెలిసింది. ఒక దుర్మార్గుడు ఉంటే తిట్టి హాయిగా నిద్రపోదును. ఒకరు చూద్దాం అన్నారు, ఒకరు నిజమే అన్నారు, ఒకరు నాకూ పిల్లలున్నారన్నారు. పొగ మాత్రం మా కిటికీలోకే వచ్చింది.

మళ్ళీ నల్లగా వచ్చింది. కోడలు చెక్కముక్క తీసేసి కిటికీ మూసింది. దీపం వేసుకుని కుట్టింది. సందులు మూయడానికి గుడ్డపీలికలు దోపింది. అయినా ఒక సాయంత్రం నేను వచ్చేసరికి మిషను మీద తల పెట్టుకుని ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. మాట రావడం లేదు. పక్కింటి ఇస్త్రీ ఆయన బట్టలు తోసుకెళ్ళే బండి మీద కూర్చోబెట్టి తీసుకెళ్ళాం. ఎక్కడికి? ఆ ఆసుపత్రికే. ఇంకెక్కడికి పోతాం?

ముక్కుకూ నోటికీ మందు ఆవిరి పట్టే ముసుగు పెట్టారు. ఆ గది కిటికీలోంచి కూడా ఆ గొట్టమే కనపడుతోంది. కాసేపటికి ఆమెకు మాట వచ్చింది. ముసుగు కొంచెం పక్కకు తీసి, "అత్తయ్యా, ఈ ఆసుపత్రివాళ్ళు తెలివైనవాళ్ళు. రోగమూ వాళ్ళే ఇస్తారు, మందూ వాళ్ళే ఇస్తారు. బేరం బయటికి పోనివ్వరు" అంది.

"నోర్మూసుకుని గాలి పీల్చు" అన్నాను. నాకు ఏడుపొచ్చింది. ఆమె చూడకూడదని గొట్టం వైపు తిరిగాను.

మర్నాటి నుంచి వార్డులో బకెట్టు పట్టుకున్నాను. నాకు తోచింది ఇదీ: డబ్బా ఉంటే కదా ఏ పచ్చ అన్న గొడవ. డబ్బా వద్దు, అట్ట వద్దు, అక్షరం వద్దు. తిన్నవాళ్ళ దగ్గరికి నేనే వెళ్తాను. ప్రతి మంచం దగ్గరా ఆగి, "అమ్మా, మిగిలింది నా బకెట్లో వెయ్యండి" అంటాను. నా కళ్ళ ముందర, నా చేతిలో పడుతుంది. సూది పడడానికి వీల్లేదు. గుంటకు తీసుకెళ్తే తోట అన్నయ్య ముందు ఒప్పుకోలేదు. బకెట్టు మొత్తం ఆయన ముందు ఒక రేకు మీద గుమ్మరించి, చేత్తో చెదరగొట్టి చూపించాను. "నీ చెయ్యి పెట్టావు కాబట్టి తీసుకుంటాను" అన్నాడు. చూద్దాంగారికి కూడా చెప్పాను. ఆయన చూద్దాం అన్నాడు. ఈసారి ఆ మాట నాకు పనికొచ్చింది, కాదనలేదు కదా అని సాగించాను.

జనం ఎగతాళి చేశారు. "బిచ్చానికి వచ్చినట్టుందే!" అని ఒకావిడ. "అన్నం అడుక్కునే ఆసుపత్రిని ఇక్కడే చూస్తున్నాం" అని ఇంకొకాయన. "అడుక్కుంటున్నది మీరు వదిలేసినదే కదయ్యా, మీరు తిన్నది కాదుగా" అన్నాను. అలవాటయ్యాక పిలిచి మరీ వేశారు. బకెట్టమ్మా, ఇటు రా అని.

పొగాయన దగ్గరికి పోయి అడిగాను, తేడా ఏమైనా ఉందా అని. ఆయన గొట్టం వైపు చూశాడు. అబద్ధం చెప్పడం రాని మనిషి.

"నీ వార్డు సంచి తేలికగా వస్తోందమ్మా. కానీ పొయ్యికి వచ్చే సంచులెన్నో తెలుసా? వాటిలో నీదొకటి. చెరువులోంచి చెంబుడు తీస్తే ఒడ్డుకేం తెలుస్తుంది?"

వదిన తన వార్డులో బకెట్టు పట్టింది. ఇంకో వార్డులో ఒకామె కొన్నాళ్ళు పట్టి, నడుంనొప్పని మానేసింది. తప్పు పట్టలేను, నాకూ నడుం ఉంది. మగవాళ్ళ వార్డులో అడిగితే, అది మా పని కాదన్నారు. అదీ నిజమే. ఎవరి పనీ కాదు. ఈ మధ్యలోనే ఆసుపత్రికి పచ్చదనానికి ఇచ్చే మెచ్చుకోలు పత్రం వచ్చింది. అద్దం కట్టించి గుమ్మం దగ్గర వేలాడదీశారు. ఎండిపోయిన మొక్కల స్థానంలో ప్లాస్టిక్ కుండీల్లో కొత్తవి పెట్టారు. పత్రం కింద నిలబడి ఫోటోకు రమ్మంటే బకెట్టుతో సహా వెళ్ళాను. బకెట్టు పక్కన పెట్టమన్నారు. పెట్టను అన్నాను. అయితే వద్దులే అన్నారు.

మా కోడలికి ఇంకోసారి ఆయాసం వచ్చింది. ఈసారి పెద్ద డాక్టరమ్మే చూసింది. ఆవిరి పెట్టించి, నన్ను పక్కకు పిలిచింది.

"మందులు రాస్తాను. కానీ ఆ ఇంట్లో ఉంటే మందులు పనిచేయవు. ఇల్లు మారండి."

"పొగ ఆపలేరా మేడమ్?"

ఆమె కింద చూసింది. "ప్రయత్నిస్తున్నాను. ఎప్పటికవుతుందో చెప్పలేను. ఆ అమ్మాయి ఊపిరి అప్పటిదాకా ఆగదు."

ఇంటికొచ్చి మారదామంటే కోడలు ఒప్పుకోలేదు. "మీ పని ఇక్కడ. రోజూ బస్సుల్లో వేలాడుతూ వస్తారా ఈ వయసులో? నేను కిటికీకి ఇంకో గుడ్డ దోపుతాను."

"నా పనికి పోవడానికి బస్సులు చాలా ఉన్నాయి. నీకు మాత్రం ఊపిరితిత్తులు రెండే. సామాను సర్దు."

"మనం పోతే? ఇస్త్రీ ఆయనకు చిన్నపిల్లలు. ఆ గోడ పక్కావిడకు గుండెజబ్బు. వాళ్ళూ పీల్చేది ఇదే కదా అత్తయ్యా. మనం పారిపోయినట్టు కాదూ?"

పారిపోయినట్టే. నేను కాదనలేదు. కానీ ఊరందరి ఊపిరినీ ఒక్క బకెట్టుతో మోయలేను. నా ఇంట్లో ఉన్న ఒక్క ఊపిరిని మోసుకుని పోగలను. అదే చేశాను. మా అబ్బాయి లారీ తెచ్చి మిషను ఎక్కించాడు. ఇస్త్రీ ఆయన వచ్చి సాయం పట్టాడు. "ఇల్లు ఖాళీ అయిందిగా, మా అత్తగారి కోసం అడుగుతాను, చవకగా వస్తుంది" అన్నాడు. వద్దు నాయనా అని చెప్పబోయాను. ఆయనకు తెలియనిదా? పొగ ఉంది కాబట్టే అది చవక.

కొత్త ఇంట్లో మొదటిరోజు మా కోడలు కిటికీ ముందు చాలాసేపు నిలబడింది. అవతల ఖాళీ స్థలం, ఎవరివో ఆరేసిన బట్టలు. "అత్తయ్యా, ఇక్కడి గాలికి ఏ వాసనా లేదు" అంది, నమ్మలేనట్టు. ఆ రాత్రి నిద్రపోయింది. నాకు నిద్ర పట్టలేదు. ఈ గాలి మాకు దొరికింది మేము గెలిచినందుకు కాదు, లేచి వచ్చేసినందుకు. ఆ సంగతి మింగుడు పడలేదు.

పొద్దున బస్సెక్కుతాను. మలుపు తిరగ్గానే, ఆసుపత్రి కంటే ముందు గొట్టం కనపడుతుంది. పొగ ఏ రంగులో ఉందో చూస్తాను. దిగి, చెయ్యి కడుక్కుని, బకెట్టు తీసుకుని మంచాల దగ్గరికి వెళ్తాను. అట్ట మీద ఇప్పటికీ పచ్చ డబ్బా అనే ఉంది. నిన్న చూద్దాంగారిని మళ్ళీ అడిగాను. ఆయన ఏమన్నాడో మీకు తెలుసు.

ఇట్లు,
బకెట్టమ్మ. ఏళ్ళు అరవై ఒకటి. ఇప్పుడు ఉండేది ఊరి చివర, గాలి ఎదురొచ్చే వైపు, ఆసుపత్రికి రెండు బస్సులు మారాల్సిన చోట, కోడలితో.